హైదరాబాద్ ఎఫ్‌సీ 2022–23: ఒగ్బెచే పక్కన ఎవరు, ఒగ్బెచే లేనప్పుడు ఎవరు?

పసుపు చొక్కా · సెప్టెంబర్ 27, 2022

మిత్రులారా, మార్చి 20న ఫటోర్డా మైదానంలో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపగా, హాలీచరణ్ నర్జారీ చివరి కిక్కును వలలోకి పంపి, కేరళ బ్లాస్టర్స్‌పై 3-1తో మనకు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిపెట్టి ఆరు నెలలు దాటిపోయింది. ఆ రాత్రి మైదానంలో పసుపు చొక్కాలు తొడుక్కున్నది మన ఆటగాళ్లయితే, గ్యాలరీ నిండా పసుపు చొక్కాలతో కూర్చున్నది వాళ్ల అభిమానులన్న తమాషాను నేను ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. సంబరం ఇంకా తీరలేదు గానీ కొత్త సీజన్ గుమ్మంలోకి వచ్చేసింది. అక్టోబర్ 9న పుణెలోని బాలేవాడీలో ముంబయి సిటీతో మన మొదటి మ్యాచ్.

ఈ చర్చను ముందు వరుసకే పరిమితం చేద్దామని నా మనవి. మన దగ్గర ఆరుగురు విదేశీయులున్నారు: గోల్ ముందు ఆడే సెంటర్ ఫార్వర్డ్ బార్తొలోమ్యూ ఒగ్బెచే, హవియెర్ సివేరియో, జోయెల్ కియానీస్, కొత్తగా వచ్చిన బోర్హా హెరెరా, నాయకుడు జొవావో విక్టర్, మళ్లీ మన గూటికి చేరిన డిఫెండర్ ఓదేయ్ ఒనాయిందియా. ఒకేసారి మైదానంలో ఉండగలిగేది నలుగురే. విక్టర్‌ను కదిలించే ప్రసక్తి లేదు. ఒనాయిందియాను వెనక నిలబెడితే, మిగిలిన నలుగురిలో ఇద్దరికే చోటు. ఆ ఇద్దరూ ఎవరు? పైగా ఈ శనివారంతో ఒగ్బెచేకు 38 ఏళ్లు నిండుతాయి. ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించి చెప్పండి.

లెక్కల మాస్టారు · సెప్టెంబర్ 27

ముందుగా అంకెలు చూద్దాం. అభిప్రాయాల సంగతి తరువాత. గత సీజన్‌లో లీగ్ దశ 20 మ్యాచ్‌లలో మనం 43 గోల్స్ చేశాం. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లు, ఫైనల్ కలుపుకుంటే 47. అందులో ఒగ్బెచేవి 18. అంటే ప్రతి అయిదు గోల్స్‌లో దాదాపు రెండు ఆయనవే. ఇది చూసి చాలామంది మన జట్టు ఒక్క మనిషి మీద ఆధారపడిందని తేల్చేస్తున్నారు.

అయితే దానికి ముందటి సీజన్ కూడా ఒకసారి తిరగేయండి. 2020–21లో ఒగ్బెచే మన జట్టులో లేడు, ముంబయిలో ఉన్నాడు. మనం ఆ ఏడాది 27 గోల్స్ చేస్తే అరిదానె సంతానా ఒక్కడే 10 చేశాడు. ఆ నిష్పత్తి కూడా ఇంచుమించు ఇంతే. కాబట్టి నా వాదన ఏమిటంటే, గోల్స్‌లో పెద్ద వాటా సెంటర్ ఫార్వర్డ్‌కు దక్కడం ఒగ్బెచే ఘనత మాత్రమే కాదు, కోచ్ మానోలో మార్కెజ్ జట్టును కూర్చిన తీరు అలాంటిది. రెండు సీజన్ల మధ్య మారింది వాటా కాదు, మొత్తం. 27 కాస్తా 43 అయింది. 11 డ్రాలతో 29 పాయింట్ల దగ్గర ఆగి అయిదో స్థానంతో సరిపెట్టుకున్న జట్టు, మరుసటి ఏడు 11 విజయాలతో 38 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచింది. మనం అడగవలసిన ప్రశ్న ఆ మొత్తం ఎలా పెరిగిందన్నదే.

ఎడమ వింగు · సెప్టెంబర్ 28

మాస్టారు సరైన చోట వేలు పెట్టారు. ఆ మొత్తం పెరగడానికి కారణం ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లని, అంటే రెండు అంచుల డిఫెండర్లని నా అభిప్రాయం.

మార్కెజ్ కాగితం మీద రాసేది 4-2-3-1 అమరిక. బంతి మన కాళ్ల దగ్గరకు రాగానే ఆ ఆకారం ఉండదు. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా గీత వెంబడే పైకి పరుగెత్తుతాడు, అప్పుడు నర్జారీ లోపలికి జరిగి పెనాల్టీ పెట్టె అంచున నిలబడతాడు. కుడి పక్క ఇదే పని ఆశిష్ రాయ్ చేసేవాడు, మహమ్మద్ యాసిర్ లోపలికి వచ్చి బంతి అందుకునేవాడు. విక్టర్ నడుమ నిలబడి బంతిని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పొడుగాటి పాస్‌తో మార్చేవాడు. ఎదుటి డిఫెండర్లు ఒక పక్కకు జరిగేలోగా బంతి రెండో పక్కకు చేరిపోయేది. ఈ తతంగమంతా అయ్యేసరికి ఒగ్బెచే ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య ఏదో ఒక బారెడు ఖాళీ వెతుక్కుని ఉండేవాడు. ఆయన పరుగెత్తడు, పరుగెత్తవలసిన అవసరం రాకుండా ముందే అక్కడ ఉంటాడు.

ఇప్పుడు ఆశిష్ రాయ్ మన దగ్గర లేడు, ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు. కుడి వైపున చెన్నైయిన్ నుంచి వచ్చిన రీగన్ సింగ్ ఉన్నాడు. వింగర్‌గా పేరు తెచ్చుకున్న నిఖిల్ పూజారిని వెనక్కి దించి ఆడించవచ్చు. ఒగ్బెచే పక్కన ఎవరు అని మనమందరం తలలు బద్దలు కొట్టుకుంటున్నాం గానీ, ఒగ్బెచేకు కుడి వైపు నుంచి బంతి ఎవరు అందిస్తారన్నదే ఈ సీజన్‌ను తేల్చే ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మోట బాగున్నంత మాత్రాన బావిలో నీళ్లు ఊరవు కదా.

గచ్చిబౌలి గ్యాలరీ · సెప్టెంబర్ 28

మీ అందరి వ్యూహ చర్చలను గౌరవిస్తూనే ఒక మాట మనవి చేస్తాను. రెండు సీజన్లు పూర్తిగా గోవాలో, మొన్నటి ఫైనల్ తప్ప మూసిన తలుపుల వెనుక జరిగాయి. మన జట్టు బాగుపడినదంతా మన కళ్లకు దూరంగానే జరిగింది. గచ్చిబౌలిలో మనం స్వయంగా చూసింది 2019–20 జట్టునే, అది పట్టికలో అట్టడుగున 10 పాయింట్లతో మిగిలిన జట్టు. కోల్‌కతాలో మొదటి మ్యాచ్ 0-5తో ఓడి, ఆ తరువాత ఇక్కడ కేరళపై 2-1తో గెలిచినప్పుడు, మార్సెలీనో ఫ్రీకిక్ గోల్ పోస్టులోకి వెళ్లిన క్షణంలో నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు. ఛాంపియన్ జట్టును మన గ్యాలరీలో కూర్చుని ఇంతవరకు ఎవరమూ చూడలేదు. ఒగ్బెచేను నేను టీవీలో తప్ప చూడలేదు. ఆయన 38 ఏళ్లవాడైనా సరే, 48 ఏళ్లవాడైనా సరే, గచ్చిబౌలిలో జరిగే బెంగళూరు మ్యాచ్‌లో మొదటి నిమిషం నుంచి ఆయనే ఆడాలి.

లెక్కల మాస్టారు · సెప్టెంబర్ 28

గ్యాలరీ గారూ, మీ కోరికను అర్థం చేసుకోగలను. దాన్ని వ్యూహమని మాత్రం అనలేను.

అమ్ముగూడ వాసి · సెప్టెంబర్ 29

నేను ఈ వేదికలో రాయడం తక్కువ, చదవడం ఎక్కువ. ముందు వరుస గురించి మాట్లాడుకుంటున్నారు కనుక ఒక పాత సంగతి జ్ఞాపకం చేయాలనిపించింది. అది ఇప్పటి చర్చకు పనికొస్తుందో లేదో మీరే తేల్చండి.

1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టుకు కోచ్ మన హైదరాబాద్‌వాడు సయ్యద్ అబ్దుల్ రహీం. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మా అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం, ముగ్గురూ ఆ జట్టులో ఉన్నారు. అంతటి ముందు వరుస చేతిలో పెట్టుకుని కూడా రహీం సెమీఫైనల్లో ఏం చేశారో తెలుసా? తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. జర్నైల్ డిఫెండర్. ఆయన సెమీఫైనల్లోనూ గోల్ చేశాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ గోల్ చేశాడు. 2-1తో స్వర్ణం మనది.

మా నాన్నగారు ఫతేమైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసి పెరిగిన మనిషి. 1950 నుంచి వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. రహీం సాబ్ గురించి ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: జట్టులోని ప్రతి మనిషి రెండో పని ఏమిటో ఆయనకు ముందే తెలిసి ఉండేదట. మార్కెజ్ గారి విషయంలో నేను చూసేదీ అదే. ఒగ్బెచే మొదటి పని అందరికీ తెలుసు. సివేరియోకు, కియానీస్‌కు, హెరెరాకు రెండో పని ఏమిటి? ఆ జవాబు తెలిస్తే పసుపు చొక్కా గారి చిక్కుముడి దానంతటదే విడిపోతుంది.

ఎడమ వింగు · సెప్టెంబర్ 29

చాలా మంచి ప్రశ్న వేశారు. నాకు తోచినంత వరకు చెబుతాను.

సివేరియో పేరుకు సెంటర్ ఫార్వర్డే. తల ఆట బాగా తెలిసినవాడు. ఆయన రెండో పని మాత్రం బంతి మన దగ్గర లేనప్పుడు మొదలవుతుంది. ఎదుటి సెంటర్ బ్యాక్ మీదికి ఉరికి, తొందరపెట్టి, తప్పు పాస్ ఇప్పించడంలో మన జట్టులో ఆయన్ను మించినవారు లేరు. ఒగ్బెచే చేయలేని పని సరిగ్గా ఇదే. ఇద్దరినీ కలిపి ఆడించినప్పుడు సివేరియో కాస్త వెనక ఉండి ఇద్దరి పరుగూ తానే పరుగెత్తుతాడు, ఒగ్బెచే ఆ శ్రమ మిగుల్చుకుని పెట్టెలోనే ఉంటాడు. మార్చి 12న బాంబోలిమ్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో జరిగిన సెమీఫైనల్ మొదటి మ్యాచ్ చూడండి. రాయ్ కృష్ణ గోల్‌తో వెనకబడి కూడా 3-1తో గెలిచాం. ఆ మూడు గోల్స్ ఒగ్బెచే, యాసిర్, సివేరియో తలా ఒకటి చేసినవి.

కియానీస్ రెండో పని అంచున ఆడటం. ఏ పక్కనైనా ఆడగలడు, లోపలికీ రాగలడు. కానీ ఫిట్‌గా ఉండాలి కదా, గత సీజన్‌లో ఆయన్ను మనం చూసింది తక్కువే. హెరెరా విషయం వేరు, ఆయన ఎడమకాలి ఆటగాడు. కార్నర్లు, ఫ్రీకిక్‌లు వేయగలడు, నడుమ నుంచి ఆఖరి పాస్ ఇవ్వగలడు. ఎడూ గార్సియా ఖాళీ చేసి వెళ్లిన చోటికి ఈయన్ను తెచ్చారనే నా ఊహ.

డల్లాస్ ఉదయం · సెప్టెంబర్ 30

మీ రాత్రి 7.30 మ్యాచ్ నాకు ఉదయం 9 గంటల మ్యాచ్. ఆఫీసు మీటింగులకు కెమెరా ఆపేసి చూసే వర్గానికి చెందినవాణ్ణి కనుక నా పరిశీలనలో లోటుపాట్లుంటే మన్నించండి.

నాది భిన్నాభిప్రాయం. ఒగ్బెచేను ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి నుంచి ఆడించడం ఈసారి పొరపాటవుతుంది. గోవాలో రెండేళ్లు ప్రయాణాలే లేవు. హోటల్ నుంచి మైదానానికి బస్సు, మైదానం నుంచి హోటల్‌కు బస్సు, అంతే. ఈ ఏడాది పుణెలో ఆడిన నాలుగో రోజున గువాహటిలో ఆడాలి. 38 ఏళ్ల శరీరానికి ఆట కంటే విమానాశ్రయాలే ఎక్కువ చేటు చేస్తాయి. అందుకని నా ప్రతిపాదన: బయటి ఊళ్లలో సివేరియో మొదట ఆడాలి, ఎదుటి డిఫెండర్లను గంటసేపు పరుగెత్తించి అలసిపోయేలా చేయాలి, ఆఖరి అరగంటలో ఒగ్బెచే రావాలి. అలసిన డిఫెండర్‌కు ఒగ్బెచే కంటే పెద్ద శిక్ష ఉండదు.

గచ్చిబౌలి గ్యాలరీ · సెప్టెంబర్ 30

18 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ తెచ్చినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టమని అమెరికా నుంచి సలహా! కానివ్వండి.

పసుపు చొక్కా · సెప్టెంబర్ 30

గ్యాలరీ గారూ, దయచేసి ఊరి పేరు పక్కన పెట్టి మాటకు మాటతోనే జవాబు చెప్పండి. డల్లాస్ గారు ప్రయాణాల గురించి చెప్పినది నేను ఆలోచించని కోణం. అయితే నాకు ఒక సందేహం ఉంది. ఒగ్బెచే ఆట వేగం మీద ఆధారపడినది కాదు, మొదటి స్పర్శ మీద, నిలబడే చోటు మీద ఆధారపడినది. 2002 ప్రపంచ కప్‌లో 17 ఏళ్లకే నైజీరియా తరఫున ఆడి, ఇరవై ఏళ్ల తరువాత ఇండియన్ సూపర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 53 గోల్స్ దగ్గర నిలిచాడంటే, ఆ శరీరాన్ని ఎలా కాపాడుకోవాలో ఆయనకు తెలుసునన్నమాటే. జనవరిలో ఈస్ట్ బెంగాల్‌పై 4-0తో గెలిచినప్పుడు ఆయన చేసిన హ్యాట్రిక్ చూసినవారెవరికీ వయసు గుర్తుకు రాలేదు.

లెక్కల మాస్టారు · అక్టోబర్ 1

నలుగురి లెక్కకు మళ్లీ వస్తాను, ఎందుకంటే అందరూ ఒనాయిందియాను తప్పనిసరిగా తీసుకుని మిగిలిన రెండు చోట్ల కోసం కొట్టుకుంటున్నారు. ఆ మొదటి అడుగే తప్పని ఎందుకు అనుకోకూడదు?

మనకు చింగ్లెన్‌సానా సింగ్ ఉన్నాడు, నిమ్ దోర్జీ ఉన్నాడు. ఇద్దరూ భారతీయులే. వాళ్లిద్దరినీ వెనక నడుమ నిలబెడితే విక్టర్‌తో పాటు ముగ్గురు విదేశీ దాడి ఆటగాళ్లను ఒకేసారి ఆడించవచ్చు. ఒగ్బెచే ముందు, సివేరియో ఆయన వెనక, హెరెరా ఎడమ పక్క, యాసిర్ కుడి పక్క. లీగ్‌లో ఎంతమంది కోచ్‌లకు ఇద్దరు భారతీయ సెంటర్ బ్యాక్‌లతో ధైర్యంగా ఆడే వీలుందో లెక్కపెట్టండి, ఒక చేతి వేళ్లు సరిపోతాయి.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. గత సీజన్‌లో మనం లీగ్‌లో ఇచ్చిన గోల్స్ 23. డిఫెండర్ హ్వానన్ వెళ్లిపోయాడు, మధ్యలో కష్టపడి ఆడే సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. వెనక అనుభవం తగ్గిన జట్టులో ఇంకో అనుభవజ్ఞుణ్ణి కూడా బెంచీ మీద కూర్చోబెట్టడం సాహసమే. అందుకే నా సిఫారసు ఇది: సొంత మైదానంలో ముగ్గురు దాడి ఆటగాళ్లు, బయట ఇద్దరు. డల్లాస్ గారి సూచనతో ఇది చక్కగా సరిపోతుంది కూడా.

వైజాగ్ తీరం · అక్టోబర్ 2

ఇన్ని రోజులుగా చదువుతున్నాను. ఆరుగురు విదేశీయుల్లో ఎవరు ఆడాలనే దానిమీదే చర్చంతా తిరుగుతోంది. రోహిత్ దాను పేరు ఎవరైనా ఎత్తారా? ఆరెన్ డిసిల్వా పేరు? అబ్దుల్ రబీహ్ పేరు?

మార్కెజ్ గారి మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఆకాశ్ మిశ్రాను, ఆశిష్ రాయ్‌ను, లిస్టన్ కొలాసోను దేశమంతా మాట్లాడుకునే ఆటగాళ్లుగా తీర్చిదిద్దినది ఆయన కాలంలోనే. అయితే వాళ్లు ఫుల్‌బ్యాక్‌లు, వింగర్లు. సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో మాత్రం మన దగ్గరే కాదు, లీగ్ మొత్తంలోనూ భారతీయుడు నిలబడటం అరుదైపోయింది. ఒక చిత్రం చూడండి: ఒగ్బెచే పుట్టినది 1984 అక్టోబర్ 1న, సునీల్ ఛెత్రి పుట్టినది అదే ఏడు ఆగస్టు 3న. మన క్లబ్బు ఒక 38 ఏళ్లవాడి తరువాత ఎవరని బెంగపడుతున్నది, మన దేశం ఇంకో 38 ఏళ్లవాడి తరువాత ఎవరని బెంగపడుతున్నది. రెండు బెంగలకూ మూలం ఒకటే. ప్రతి క్లబ్బూ తొమ్మిదో నంబరు చొక్కాను విదేశీయుడికే ఇస్తుంటే ఇక్కడి కుర్రవాడు ఎక్కడ నేర్చుకుంటాడు?

రోహిత్ దానుకు ఈ సీజన్‌లో వరుసగా అయిదారు మ్యాచ్‌లలో అరగంట చొప్పున అవకాశం ఇవ్వాలి. 3-0తో ముందున్నప్పుడు ఆఖరి నాలుగు నిమిషాలు ఇవ్వడం అవకాశం కిందికి రాదు.

అమ్ముగూడ వాసి · అక్టోబర్ 2

వైజాగ్ గారి మాట నా మనసులో ముల్లును కదిపింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసిన బలరాం పుట్టిన నేల ఇది. మన క్లబ్బు పేరులో హైదరాబాద్ ఉంది, మన ముందు వరుసలో ఈ రెండు తెలుగు రాష్ట్రాల కుర్రవాడు ఒక్కడు లేడు. ఇది కోచ్ తప్పు కాదని నాకు తెలుసు. మా బస్తీల్లో పిల్లలు ఆడుకున్న మైదానాలు ఏమయ్యాయో కూడా నాకు తెలుసు. చర్చ దారి మళ్లుతుందేమో, ఇక్కడితో ఆపుతాను.

ఎడమ వింగు · అక్టోబర్ 3

దారి మళ్లలేదండీ, కానీ దానికి వేరే చర్చ ప్రారంభిస్తే బాగుంటుంది, నేనూ అందులో రాస్తాను.

ప్రత్యర్థుల గురించి కొంచెం. ముంబయి సిటీ ఈసారి చేసిన ఏర్పాటు చూస్తే భయం వేస్తున్నది. గత సీజన్‌లో జంషెడ్‌పూర్‌కు షీల్డ్, అంటే లీగ్ దశలో మొదటి స్థానం, తెచ్చిన గ్రెగ్ స్టీవర్ట్ వాళ్ల దగ్గరకు వచ్చాడు, కేరళ నుంచి పెరెయ్రా దియాస్ వచ్చాడు. అల్బెర్తో నొగ్వేరా ఉన్నాడు. రెండు అంచులలో బిపిన్ సింగ్, చాంగ్తే. కోచ్ డెస్ బకింగ్‌హామ్ ఆడించేది పూర్తిగా దాడి ఆట. బెంగళూరుకు రాయ్ కృష్ణ చేరాడు, ఆ జట్టుతోనే మొన్న డ్యూరాండ్ కప్ సెమీఫైనల్లో 0-1తో ఓడాం. ఆ మ్యాచ్‌లో మనకు కనిపించినది నేను మొదట చెప్పిన కుడి పక్క లోటే. బంతి ఎప్పుడూ ఎడమ నుంచే వచ్చింది, బెంగళూరు డిఫెండర్లు ముందుగానే అటు జరిగి కూర్చున్నారు.

డల్లాస్ ఉదయం · అక్టోబర్ 4

ఈసారి పోటీ పద్ధతి కూడా మారిందని గమనించారా? మొదటి ఆరు జట్లు ముందుకు వెళ్తాయి. అందులో మొదటి రెండు నేరుగా సెమీఫైనల్‌కు, మిగిలిన నాలుగూ ఒక్కొక్క నాకౌట్ మ్యాచ్ ఆడాలి. అంటే మొదటి రెండు స్థానాల్లో ఉండటానికి ఉన్న విలువ బాగా పెరిగింది. వయసు మీరిన ఫార్వర్డ్ ఉన్న జట్టుకు ఒక మ్యాచ్ తప్పించుకోవడం చిన్న లాభం కాదు.

గ్యాలరీ గారికి ఒక మాట: నేను పుట్టినది, ఫుట్‌బాల్ ఆడి మోకాలు పోగొట్టుకున్నదీ తిరుమలగిరిలోనే.

గచ్చిబౌలి గ్యాలరీ · అక్టోబర్ 4

అయ్యో, క్షమించండి. ఆవేశంలో అన్నాను. మోకాలు పోగొట్టుకున్నవారి మాటకు ఈ వేదికలో రెండు ఓట్లు ఇవ్వాలి.

పసుపు చొక్కా · అక్టోబర్ 8

రేపే మ్యాచ్. ఎవరి అంచనా వారు క్లుప్తంగా చెప్పండి. నాది: ఒగ్బెచే 12 గోల్స్, సివేరియో 8, జట్టు రెండో స్థానం.

లెక్కల మాస్టారు: ఒగ్బెచే 10, జట్టు మొత్తం గోల్స్ గత సారి కంటే తగ్గుతాయి, ఇచ్చే గోల్స్ కూడా తగ్గుతాయి. మొదటి రెండు స్థానాల్లో ఒకటి.

ఎడమ వింగు: ముంబయి మొదటి స్థానం, మనం రెండు. హెరెరా ఇచ్చే పాస్‌లు మన అంచనాలను మించుతాయి.

వైజాగ్ తీరం: ఒక భారతీయుడు అయిదు గోల్స్ దాటితే చాలు, నర్జారీ అయితే మరీ సంతోషం.

గచ్చిబౌలి గ్యాలరీ: షీల్డ్, కప్పు రెండూ. ఒగ్బెచే 20. నన్ను ఎవరూ మార్చలేరు.

లెక్కల మాస్టారు · అక్టోబర్ 9, రాత్రి

3-3. ఇంకా నాడి కుదుటపడలేదు.

మన మూడు గోల్స్‌లో రెండు జొవావో విక్టర్‌వి, అందులో ఒకటి పెనాల్టీ. మూడోది నర్జారీది. పసుపు చొక్కా గారు మొదటి రోజున 'విక్టర్‌ను కదిలించే ప్రసక్తి లేదు' అని ఒక్క వాక్యంతో పక్కన పెట్టిన మనిషి, మనం రెండు వారాలు పేరుపేరునా తూచిన ఆటగాళ్లందరినీ దాటి రెండు గోల్స్ కొట్టి వెళ్లిపోయాడు.

పసుపు చొక్కా · అక్టోబర్ 9, రాత్రి

ఒప్పుకుంటున్నాను. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను గోల్స్ లెక్కలో చేర్చాలని నాకే కాదు, ఇక్కడ ఎవరికీ తోచలేదు.

ఎడమ వింగు · అక్టోబర్ 9, రాత్రి

నాకు సంతోషం కంటే దిగులే ఎక్కువగా ఉంది. రెండుసార్లు ఆధిక్యంలోకి వచ్చి రెండుసార్లూ పోగొట్టుకున్నాం. 3-2తో ముందున్నప్పుడు నొగ్వేరా గోల్ ఆఖరి నిమిషాల్లో వచ్చింది. చింగ్లెన్‌సానా సొంత గోల్‌ను దురదృష్టమనుకుందాం, స్టీవర్ట్ గోల్‌ను వదిలేద్దాం, ఆ మూడోది మాత్రం మనం చేతులారా ఇచ్చినదే. ముగ్గురు దాడి ఆటగాళ్లతో ఆడాలన్న మాస్టారి ప్రతిపాదనను గువాహటి మ్యాచ్ వరకు వాయిదా వేయమని కోరుతున్నాను. ముంబయితో 3-3 చేసుకున్న జట్టు ఒనాయిందియాను బెంచీ మీద కూర్చోబెట్టే స్థితిలో లేదు.

లెక్కల మాస్టారు · అక్టోబర్ 10

వాయిదాకు అభ్యంతరం లేదు. సొంత మైదానంలో మాత్రం నా ప్రతిపాదన అలాగే ఉంటుంది.

వైజాగ్ తీరం · అక్టోబర్ 10

నర్జారీ ఖాతా తెరిచాడు. ఇంకో అయిదు కొడితే నా అంచనా నెగ్గినట్లే. రోహిత్ దాను అరగంట ఎప్పుడో?

అమ్ముగూడ వాసి · అక్టోబర్ 10

రెండో పని అన్నాను కదా. విక్టర్‌ది కూడా నేను అడిగి ఉండవలసింది.

గచ్చిబౌలి గ్యాలరీ · అక్టోబర్ 10

22న శనివారం, దీపావళికి రెండు రోజుల ముందు, బెంగళూరుతో గచ్చిబౌలిలో మ్యాచ్. మన అభిమానుల బృందం డెక్కన్ లెజియన్ వాళ్లు డప్పులతో వస్తారు, నేను వాళ్ల వెనక వరుసలోనే ఉంటాను. అమ్ముగూడ గారూ, మీరు ఒక్కరే బస్సులో రావద్దు, నా కారులో చోటుంది. సికింద్రాబాద్‌లో ఎక్కడ ఎక్కించుకోవాలో చెప్పండి. డల్లాస్ గారికి వీడియో కాల్ చేసే బాధ్యత మాస్టారిది, ఉదయం 9 గంటలకు ఆయన మీటింగ్ ఏదో మళ్లీ కెమెరా లేకుండా నడుస్తుంది.

డల్లాస్ ఉదయం · అక్టోబర్ 10

ఆ రోజు శనివారం కదండీ, నాకు మీటింగులు లేవు. కెమెరా కూడా పెడతాను.